మల్లెకు చుట్టం ఆలివ్, దోసకు తోబుట్టువు ఖర్బూజా

పిజ్జా మీద చక్రాల్లా కనిపించే ఆలివ్ ముక్కలకూ, జడలో తురుముకునే మల్లెలకూ చుట్టరికం ఉందని మీకు తెలుసా? రెండూ ‘ఒలియేసీ’ అనే ఒకే వృక్ష కుటుంబానివి. తెల్లారేసరికి వాకిట్లో రాలిపడే పారిజాతం కూడా ఆ కుటుంబానిదే. ఖర్బూజాది మనకు ఇంకా దగ్గర బంధుత్వం. పప్పులో వేసుకునే పసుపుపచ్చ దోసకాయా, వేసవి బండ్ల మీద ఘుమఘుమలాడే ఖర్బూజా ‘కుకుమిస్ మెలో’ అనే ఒకే జాతికి చెందినవి. పచ్చిగా కోసుకు తినే కీరా మాత్రం వేరే జాతి.

ఆలివ్‌ను కూరగాయ అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి అది మామిడిలాగే టెంక ఉన్న పండు. కాకపోతే చెట్టు నుంచి కోసి నోట్లో వేసుకుంటే వెంటనే ఉమ్మేయాల్సిందే. ‘ఒల్యూరోపిన్’ అనే పదార్థం వల్ల దానికి అంత చేదు. ఆ చేదు విరగడానికే ఆలివ్‌లను ఉప్పునీటిలో వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఊరబెడతారు. త్వరగా కావాలంటే ముందు క్షారద్రావణంలో నానబెట్టి, కడిగి, ఆ తర్వాత ఉప్పునీటిలో వేస్తారు. పచ్చ ఆలివ్, నల్ల ఆలివ్ అని రెండు రకాల చెట్లేమీ లేవు. ముదిరి, పండకముందే కోస్తే పచ్చవి. చెట్టునే పండనిస్తే ఊదారంగు తిరిగి నల్లబడతాయి. డబ్బాల్లో నిగనిగలాడే నల్లవి చాలావరకు పూర్తిగా పండకముందే కోసినవి. క్షారంలో ఉంచి గాలి తగిలేలా చేస్తే అవి నల్లబడతాయి. ఆ రంగు నిలవడానికి ‘ఫెర్రస్ గ్లూకోనేట్’ అనే ఇనుము లవణం కలుపుతారు. ఈసారి డబ్బా కొన్నప్పుడు లేబుల్ చూడండి, ఆ పేరు కనిపించవచ్చు.

పోషకాల దగ్గరికి వస్తే ఆలివ్‌కూ ఖర్బూజాకూ పోలికే లేదు. 100 గ్రాముల ఖర్బూజాలో 90 గ్రాములు నీరే. 34 కేలరీలు, దాదాపు 8 గ్రాముల చక్కెర ఉంటాయి, కొవ్వు లేనట్టే. అదే 100 గ్రాముల ఊరబెట్టిన పచ్చ ఆలివ్‌లలో సుమారు 145 కేలరీలు, 15 గ్రాముల కొవ్వు ఉంటాయి, చక్కెర నామమాత్రం. ఆ కొవ్వులో ఎక్కువ భాగం గుండెకు మేలు చేసే ఓలియిక్ ఆమ్లం. ఆలివ్‌లో విటమిన్ ఇ కూడా ఉంది, విటమిన్ సి మాత్రం ఇంచుమించు సున్నా. ఖర్బూజాలో విటమిన్ సి 37 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అంటే పెద్దవాళ్లకు రోజుకు కావలసినదానిలో సుమారు సగం. నారింజరంగు గుజ్జు ఉన్న రకాల్లో బీటా కెరోటిన్ పుష్కలం. శరీరం దాన్నే విటమిన్ ఎ గా మార్చుకుంటుంది.

అసలు తేడా ఉప్పులో ఉంది. 100 గ్రాముల ఖర్బూజాలో సోడియం 16 మిల్లీగ్రాములే, పొటాషియం మాత్రం 267. ఊరిన పచ్చ ఆలివ్‌లో సోడియం 1,500 మిల్లీగ్రాములు దాటుతుంది. రోజుకు 2,000 మిల్లీగ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అందుకే ‘ఆలివ్ ఆరోగ్యానికి మంచిది’ అన్న మాట విని గిన్నెడు తినడం సరికాదు. దాన్ని మన ఊరగాయను చూసినట్టే చూడాలి: నాలుగైదు కాయలు నంజుకుంటే రుచి, మేలు కూడా. రక్తపోటు ఉన్నవాళ్లు మంచినీళ్లలో కాసేపు నానబెట్టి తింటే కొంత ఉప్పు దిగిపోతుంది. కిడ్నీ జబ్బు వల్ల పొటాషియం తగ్గించుకోమని డాక్టర్ చెప్పినవాళ్లు మాత్రం ఖర్బూజా విషయంలో జాగ్రత్త పడాలి.

రోజూ తినదగ్గది ఏదంటే, ఎండాకాలంలో సందేహం లేకుండా ఖర్బూజాకే నా ఓటు. అయితే ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు తోడుండాలి. ఖర్బూజా ముక్కల్లో రెండు ఆలివ్‌లు తరిగి కలిపినా, కాసిని వేరుశనగపప్పులు చల్లినా ఆ పని జరుగుతుంది.

ఇంకో సంగతి. అరటి, మామిడి ఇంట్లో మాగబెడితే వాటిలోని పిండిపదార్థం చక్కెరగా మారి తీపెక్కుతాయి. ఖర్బూజాలో అలాంటి పిండి నిల్వ ఉండదు. కోసిన తర్వాత మెత్తబడుతుంది, వాసన పెరుగుతుంది, తీపి మాత్రం పెరగదు. బాగా పండిన కాయ తీగ నుంచి దానంతటదే విడివడుతుంది. కాబట్టి తొడిమ ఉన్నచోట నున్నటి గుంట, ముక్కు దగ్గర పెడితే సువాసన, చేతికి బరువు ఉన్న కాయనే తీసుకోండి.

ఆలివ్ తోటలు మన దగ్గర ఎందుకు కనిపించవు? ఆ చెట్టు సరిగా పూయాలంటే చలికాలంలో కొన్ని వారాలు గట్టి చలి ఉండాలి. ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లో అంత చలి ఎక్కడిది? రాత్రిళ్లు బాగా చల్లబడే రాజస్థాన్‌లో మాత్రం ఇజ్రాయెల్ సహకారంతో ఆలివ్ తోటలు వేశారు.

చివరగా, చాలామంది పట్టించుకోని జాగ్రత్త ఒకటి. ఖర్బూజా తొక్క మీది వలలాంటి గరుకుదనంలో మట్టి, సూక్ష్మజీవులు చేరతాయి. కత్తి దిగగానే అవి గుజ్జులోకి వెళ్తాయి. 2011లో అమెరికాలోని కొలరాడోలో పండిన ఖర్బూజాల ద్వారా లిస్టీరియా అనే బ్యాక్టీరియా వ్యాపించి 33 మంది చనిపోయారు. తొక్క తినం కదా అని కడగకుండా కోయకండి. పారే నీళ్ల కింద పైభాగాన్ని బాగా రుద్ది కడిగి, తుడిచి కోయండి. కోసిన ముక్కలను వెంటనే తినండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి. గర్భిణులు, పెద్ద వయసువాళ్లు ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి.