పంట పండిన తరువాతి దూరం: అమెరికా విశ్వవిద్యాలయాలలో రవాణా పరిశోధనకు ప్రభుత్వ నిధులు

పంట కోత పూర్తి కావడంతో వ్యవసాయ పరిశోధన బాధ్యత తీరినట్లు భావించడం పరిపాటి. అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో ఈ భావన నిలువలేదు. అక్కడ పండే గోధుమ ఓడరేవులకు చేరవలసిన దూరం అధికం కావడం వలన, రైలు కిరాయిలే రైతుకు దక్కే ధరను చాలావరకు నిర్ణయిస్తాయి. అందువలన 1967లో రాష్ట్ర శాసనసభ ఫార్గోలోని ఉత్తర డకోటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అప్పర్ గ్రేట్ ప్లెయిన్స్ రవాణా సంస్థను నెలకొల్పింది. ఇది ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయం; 1964లో రాజేంద్రనగర్‌లో వెలసిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా ఆ నమూనానే అనుసరించింది.

వ్యవసాయ ప్రయోగ క్షేత్రాలకు కేంద్ర నిధులు సమకూర్చిన హాచ్ చట్టం 1887 నాటిది. విశ్వవిద్యాలయ రవాణా కేంద్రాల పథకం సరిగ్గా నూరేళ్ళ తరువాత, 1987లో, ప్రాంతానికొకటి చొప్పున పది కేంద్రాలతో రూపుదిద్దుకొన్నది. 2015 నాటి చట్టం 5 జాతీయ, 10 ప్రాంతీయ, 20 ప్రథమ శ్రేణి కేంద్రాలను నిర్దేశించగా, 2021 నాటి చట్టం ఆ చట్రాన్ని కొనసాగించింది. విశ్వవిద్యాలయాలు కూటములుగా ఏర్పడి పోటీలో నెగ్గవలసి ఉంటుంది. పరిశోధనతోపాటు విద్య, నిపుణుల తయారీ, ఫలితాలను క్షేత్రానికి చేర్చడం కూడా ఈ కేంద్రాల విధులు. చివరిది విస్తరణ విభాగాలకు కొత్త పని కాదు.

ఈ పథకంలో కీలకమైనది జత నిధుల నియమం. జాతీయ, ప్రాంతీయ కేంద్రాలు కేంద్ర గ్రాంటుకు సమానమైన మొత్తాన్ని, ప్రథమ శ్రేణి కేంద్రాలు అందులో సగాన్ని ఇతర వనరుల నుండి చూపాలి. రాష్ట్ర రవాణా శాఖలకు పరిశోధన నిమిత్తం వచ్చే కేంద్ర నిధులను కూడా ఇందుకు లెక్కించవచ్చు. ఈ వెసులుబాటు చిన్న విశ్వవిద్యాలయాలకు ఊరటే. అయితే జత నిధి ఇచ్చే శాఖ తన తక్షణ అవసరాలకే మొగ్గు చూపడం సహజం. వంతెన మరమ్మతుకు దొరికినంత సులువుగా ధాన్యం కిరాయిల అధ్యయనానికి భాగస్వామి దొరకడు.

అటువంటి అధ్యయనాల అవసరం మాత్రం తగ్గలేదు. 1980 నాటి స్టాగర్స్ చట్టం రైలు కంపెనీలపై నియంత్రణను సడలించింది. లాభసాటి కాని శాఖా మార్గాలను వదలివేయడం సులభమైంది. నూరుకు పైగా పెట్టెల రైళ్ళను నింపగల పెద్ద ఎలివేటర్లు కొద్దిచోట్లనే నిలిచాయి. రైలు ఖర్చు తగ్గిన మాట నిజమే, కాని రైతు ట్రక్కు మరింత దూరం పోవలసి వచ్చింది. ఆ బరువు కౌంటీ రోడ్లపై పడింది. ఈ రోడ్ల నిర్వహణకు ఎంత వెచ్చించవలసి ఉంటుందో అంచనా వేసి శాసనసభకు సమర్పించేది ఫార్గో సంస్థయే.

2021 నాటి చట్టం 2022 నుండి 2026 వరకు ఐదు ఆర్థిక సంవత్సరాలకే వర్తిస్తుంది. మూడవ ఏట పిహెచ్.డి.లో చేరిన విద్యార్థి పరిశోధన ముగియకముందే గ్రాంటు గడువు ముగియవచ్చు.