పది పాసైన పిల్లవాడు ఐటీఐకి వెళ్తానంటే

పదో తరగతి ఫలితాలు వచ్చిన తర్వాతి ఆదివారం మన ఆరాధనల్లో ఒక ఆనవాయితీ ఉంది. మంచి మార్కులు వచ్చిన పిల్లల్ని ముందుకు పిలుస్తాం. తల్లిదండ్రులు కృతజ్ఞతార్పణ కవరు పళ్లెంలో వేస్తారు. ఈ బిడ్డను ఇంజినీరుగా, డాక్టరుగా నిలబెట్టు ప్రభువా అని కాపరి ప్రార్థిస్తాడు, సంఘమంతా ఆమెన్ అంటుంది. అదే రోజు అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్లవాడు వెనుక మైకు సెట్టు దగ్గర నిలబడి ఉంటాడు. వాణ్ణి మంచి వెల్డరుగా నిలబెట్టు ప్రభువా అని ఎవరైనా ప్రార్థించగా విన్నారా? మేమైతే ఇన్నేళ్ల పరిచర్యలో ఒక్కసారి కూడా అలా ప్రార్థించలేదు.

ఇది రాయడానికి వెనుక మా తప్పు ఒకటి ఉంది. దాన్ని దాచిపెట్టి మీకు సలహాలు చెప్పడం న్యాయం కాదు. కొన్నేళ్ల క్రితం మేము కాపరిగా ఉన్న సంఘంలో ఒక తాపీమేస్త్రి కుటుంబం ఉండేది. వాళ్ల పెద్దబ్బాయికి పుస్తకం కంటే స్క్రూడ్రైవరు మీద మనసు ఎక్కువ. మందిరంలో ఫ్యాను ఆగినా, యాంప్లిఫయరు గురగురలాడినా వాడే చూసేవాడు. పది పాసయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేస్తానన్నాడు. తండ్రికి మనసొప్పక వాణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "అయ్యగారూ, మీరెలా చెబితే అలా" అన్నాడు. మేమేమో, "తమ్ముడూ, నీ కష్టం నీ కొడుక్కి వద్దు. ఎంపీసీలో వెయ్యి, దేవుడే నడిపిస్తాడు" అన్నాం. పిల్లవాణ్ణి మాత్రం ఒక్క మాట కూడా అడగలేదు. హాస్టలుతో సహా ఫీజు లక్ష దాటింది, వడ్డీకి తెచ్చారు. మొదటి ఏడాది గణితం, ఫిజిక్సు పోయాయి. రెండో ఏడాది సగంలో ఇంటికి వచ్చేశాడు. అప్పు తీరడానికి ఆ మేస్త్రికి మరో మూడేళ్లు పట్టింది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకోవాలని ప్రభువు చెప్పిన మాటను ఎన్నిసార్లు ప్రసంగించామో! ఆ రోజు మాత్రం లెక్క చూడలేదు.

అందుకే ఈ వారం ఆ లెక్కే కొంచెం వివరంగా చూద్దాం.

కొన్ని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తొమ్మిది, పది తరగతుల్లోనే వృత్తి విద్య ఒక సబ్జెక్టుగా ఉంటోంది. వ్యవసాయం, ఐటీ, కుట్టుపని, ఆరోగ్య సేవలు వంటివి నేర్పుతారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా దీన్ని గట్టిగా చెప్పింది. ఇది రుచి చూపించడం వరకే, ఉద్యోగానికి పనికొచ్చే అర్హత కాదు. అయినా పిల్లవాడి చెయ్యి ఎటు తిరుగుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు. ఆ సబ్జెక్టును లెక్కల ట్యూషనుకు అడ్డం అనుకుని మానిపించకండి.

అసలు ఎంపిక పది తర్వాత. ఐటీఐలో వెల్డరు, ప్లంబరు, కంప్యూటర్ ఆపరేటరు లాంటి ట్రేడులు ఏడాది. ఎలక్ట్రీషియన్, ఫిట్టరు రెండేళ్లు. 14 ఏళ్లు నిండాలి. వెల్డరు వంటి కొన్నింటికి ఎనిమిది పాసైనా చాలు. చివర్లో వచ్చే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్టు దేశమంతా చెల్లుతుంది. అయితే ఐటీఐకి గుర్తింపు ఒక్కో ట్రేడుకు వేరువేరుగా వస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. బోర్డు మీద పేరు పెద్దదే కావచ్చు, మీ పిల్లవాడు చేరే ట్రేడుకు గుర్తింపు ఉందో లేదో విడిగా అడగాలి. ఆ ప్రశ్నకు నసిగే కాలేజీలో చేర్చనక్కర లేదు.

ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్ ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం సంస్థలు యువకులను తీసుకుని, స్టైపెండ్ ఇచ్చి పని నేర్పిస్తాయి. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే ఇచ్చే అప్రెంటిస్ ప్రకటన చూడండి. ఐటీఐ సర్టిఫికెట్టుతోపాటు పదో తరగతిలో కనీసం 50 శాతం మార్కులు అడుగుతారు, రెండింటి మార్కులూ కలిపి జాబితా తయారు చేస్తారు. "ఎలాగూ ఐటీఐయే కదా, పది ఎలా పాసైతే ఏం" అనే పిల్లలకు ఈ ఒక్క సంగతి చూపిస్తే చాలు. రైళ్లు నడిపే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి కూడా పది, ఐటీఐయే ప్రాథమిక అర్హత. రేపు గల్ఫుకు వెళ్లాలన్నా పది పాసైనవారికీ కానివారికీ పాస్‌పోర్టులో తేడా ఉంది. పది లేనివారికి వలస తనిఖీ అవసరమనే ముద్ర పడుతుంది.

పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వేర్వేరుగా పాలిసెట్ పెడతాయి. ప్రశ్నలు పదో తరగతి గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల నుంచే వస్తాయి. ఫలితాలు వచ్చేదాకా ఆగితే దరఖాస్తు గడువు చాలాసార్లు దాటిపోతుంది. కాబట్టి పది పరీక్షలు రాస్తున్నప్పుడే దరఖాస్తు చేయాలి. దళిత క్రైస్తవ కుటుంబాలు బీసీ-సి ధ్రువపత్రం కోసం ఎమ్మార్వో కార్యాలయానికి తిరగడం కూడా అప్పుడే మొదలుపెట్టడం మేలు. పొలం మీద ప్రేమ ఉన్న పిల్లలకు వ్యవసాయ విశ్వవిద్యాలయాల కింద నడిచే వ్యవసాయ పాలిటెక్నిక్‌లున్నాయి, అక్కడ వ్యవసాయ డిప్లొమా రెండేళ్లు.

ఇంటర్‌లోనే ఒకేషనల్ గ్రూపులు మరో దారి. ల్యాబ్ టెక్నీషియన్, అకౌంటింగ్, ఆటోమొబైల్, పంటల ఉత్పత్తి వంటి కోర్సులు రెండేళ్లలో ఇంటర్ సర్టిఫికెట్టుతోపాటు వస్తాయి.

"అందులో వేస్తే పైచదువు తలుపు మూసుకున్నట్టే కదా అయ్యగారూ" అని తల్లులు అడుగుతుంటారు. మూసుకోదు. డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఐటీఐ చేసినవారికి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి వెళ్లే ప్రవేశ పరీక్ష ఉంది. ఇంటర్ ఒకేషనల్ పిల్లలు బ్రిడ్జి కోర్సు పరీక్షలు పాసైతే, మనం ఇప్పటికీ ఎంసెట్ అనే ఆ పరీక్షకు కూర్చోవచ్చు. కొంచెం చుట్టుదారే, కాదనం. కానీ చేతిలో ఒక పని పట్టుకుని నడిచే చుట్టుదారి.

ఆడపిల్లల విషయంలో ఒక హెచ్చరిక చెప్పాలి. మన సంఘాలకు నర్సింగ్ మీద గౌరవం ఎక్కువ, అది న్యాయమే. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ నాటి నుంచి, ఇతరులు తక్కువ పనిగా చూసిన రోజుల్లో మన ఇంటి ఆడపిల్లలే ఆ తెల్ల దుస్తులు వేసుకున్నారు. ఆ గౌరవాన్నే కొందరు అమ్ముకుంటున్నారు. పది పాసైతే చాలు, ఏడాదిలో నర్సు అని బస్టాండ్లలో ఫ్లెక్సీలు కనిపిస్తాయి. జీఎన్‌ఎం కోర్సుకు ఇంటర్ పాస్ కావాలి, 17 ఏళ్లు నిండాలి, చదువు మూడేళ్లు. నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు కానివారు నర్సు కారు, ఎన్ని తెల్లకోట్లు తొడిగినా సరే. ల్యాబ్ టెక్నీషియన్‌కూ కోర్సు తర్వాత ఆసుపత్రి శిక్షణ, నమోదు ఉంటాయి. ఈ కోర్సు చదివితే ఏ కౌన్సిల్‌లో నమోదవుతుంది అన్న ప్రశ్న ఫీజు కట్టకముందే అడగండి. కమ్మలు తాకట్టు పెట్టి కట్టాక అడిగితే జవాబు ఉండదు.

పని వస్తే చాలదా, ఈ కాగితాలెందుకు అని అనేవారూ ఉన్నారు. వారికి నరసాపురం లేసు గుర్తుచేస్తాం. గోదావరి ఒడ్డున ఆ అల్లిక పని పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిందే. ఆ చేతుల నేర్పు విదేశాల దాకా వెళ్లింది. కానీ మరియా మీస్ అనే పరిశోధకురాలు అక్కడి స్త్రీలతో మాట్లాడి 1982లో రాసిన పుస్తకంలో మరో ముఖం కనిపిస్తుంది. రోజంతా అల్లినా దక్కేది స్వల్పం, లాభం వ్యాపారులది, పైగా ఆ స్త్రీలు పనివారుగా కాక ఇంట్లో ఊరికే కూర్చున్న గృహిణులుగానే లెక్కకు వచ్చారు. నైపుణ్యం ఉన్నా దాన్ని చూపించే గుర్తింపు, బేరమాడే బలం లేకపోతే ఏమవుతుందో మన పొరుగునే జరిగింది.

ఇక ఏ ట్రేడు? ఇక్కడ మాకు ఒక అభిప్రాయం ఉంది, విభేదించేవారు విభేదించవచ్చు. పక్కింటి పిల్లవాడు చేరిన ట్రేడు, ఊళ్లో అందరూ చేరుతున్న ట్రేడు అని చేర్చకండి. చేర్చే ముందు పిల్లవాణ్ణి ఆ పని జరిగే చోట వారం రోజులు ఉంచండి. వెల్డింగ్ షాపులో వేడి, పొగ, కళ్ల మంట అంటే ఏమిటో వాడు చూడాలి. ఎలక్ట్రీషియన్‌కు ఎత్తులంటే భయం ఉండకూడదు. ల్యాబులో చేరే పిల్లకు రక్తం చూస్తే కళ్లు తిరగకూడదు. వారం తర్వాత కూడా వెళ్తానంటే అప్పుడు ఫారం నింపండి. సంఘంలో లైన్‌మన్, మెకానిక్, డ్రాఫ్ట్స్‌మన్ లేకుండా ఉండరు. సంక్రాంతి తర్వాత ఒక శనివారం సాయంత్రం వాళ్లను పది చదివే పిల్లల ముందు కూర్చోబెడితే, కాపరి చేసే ప్రసంగం కంటే ఎక్కువ తెలుస్తుంది. వాళ్లనెప్పుడూ వేదిక మీదకు పిలవలేదు కాబట్టి మొదట మొహమాటపడతారు.

దేవుని ఆత్మతో నింపబడ్డాడని బైబిలు పేరుపెట్టి మొదట చెప్పిన మనిషి ప్రవక్త కాదు, యాజకుడు కాదు. నిర్గమకాండం 31వ అధ్యాయం తెరవండి. బంగారం, వెండి, ఇత్తడి, రాయి, కర్ర పనిచేసే బెసలేలు. అతనికి తోడు అహోలీయాబు. కొరింథులో పౌలు ఆకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి డేరాలు కుట్టాడు. సెమినరీలో ఈ భాగాలు చదివి పరీక్షలు రాశాం, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆ మేస్త్రి మా గుమ్మంలో నిలబడిన రోజున అవి గుర్తుకు రాలేదు.

ఆ పిల్లవాడికిప్పుడు 21 ఏళ్లు. ఒక కాంట్రాక్టరు దగ్గర వైరింగ్ హెల్పరు. పెద్ద సైటుల్లో సర్టిఫికెట్టు అడుగుతారు కాబట్టి కూలి లెక్కనే పని. ఐటీఐలో చేరడానికి గరిష్ఠ వయసు అడ్డం కాదని ఈ వ్యాసం కోసం వివరాలు చూస్తున్నప్పుడు గమనించి ఫోన్ చేశాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయ్యగారూ, ఈసారి నాన్నతో మీరే మాట్లాడాలి" అన్నాడు. గత మంగళవారం వెళ్లి మాట్లాడి వచ్చాం. టీసీ ఇంకా ఆ ఇంటర్ కాలేజీలోనే ఉంది, తేవాలి.