కుక్క వెనక కాలు కుంటుతోందా? మోకాలి లిగమెంట్ తెగి ఉండొచ్చు

మెట్ల మీద నుంచి దూకిన కుక్క వెనక కాలు ఎత్తి మూడు కాళ్లపై నడుస్తోందంటే బెణుకే అనుకుని ఊరుకోవద్దు. మోకాలిని పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంట్ తెగి ఉండొచ్చు. క్రికెటర్లకు అయ్యే ఏసీఎల్ గాయం లాంటిదే. కాకపోతే కుక్కల్లో ఇది ఒక్క దెబ్బకు తెగడం తక్కువ. నెలల తరబడి పీచులు పీచులుగా అరిగి చివరికి తెగుతుంది. లాబ్రడార్, రాట్‌వీలర్ జాతులకు, ఒళ్లు చేసిన కుక్కలకు ముప్పు ఎక్కువ.

కాశిబుగ్గ వాళ్లకు మామునూరు పశువైద్య కళాశాల అందుబాటులో ఉంది. 1962 వాహనాలు ప్రధానంగా పల్లెల్లోని పశువుల కోసం కాబట్టి వాటిపై ఆశ పెట్టుకోవద్దు. ఎక్స్‌రే, సర్జన్ ఆ రోజు ఉంటారో లేదో ముందే కనుక్కుని బయల్దేరండి. ఎక్స్‌రేలో లిగమెంట్ కనిపించదు. కీలు వాపు, అరుగుదల తెలుస్తాయి. అందుకే డాక్టర్ మోకాలి కింది ఎముకను చేత్తో ముందుకు జరిపి చూస్తారు.

15 కిలోల లోపు కుక్కలు కొన్ని విశ్రాంతి, మందులతోనే కోలుకుంటాయి. పెద్దవాటికి ఆపరేషనే మేలు. ఎముకను కోసి, కోణం మార్చి, ప్లేటు బిగించే టీపీఎల్‌వో అన్నిచోట్లా చేయరు, ఖర్చూ ఎక్కువే.

అసలు పరీక్ష ఇంటికొచ్చాకే. ఎముక అతకడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా పరుగు, మెట్లు, సోఫా ఎక్కడం బంద్. మూత్రానికి కూడా బెల్టు పట్టుకునే తీసుకెళ్లాలి. నున్నటి టైల్స్‌పై పాత దుప్పటి పరవండి. రెండు వారాలకే కుక్క హుషారుగా కనిపిస్తుంది, చాలామంది వదిలేసేది అప్పుడే! బరువు కూడా తగ్గించాలి. ఒక కాలికి తెగిన కుక్కల్లో దాదాపు సగం వాటికి రెండో కాలికీ తెగుతుంది.

నొప్పి చూడలేక ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు మాత్రం వేయొద్దు. కడుపులో పుండ్లు పడి, కిడ్నీలు దెబ్బతిని కుక్క చనిపోవచ్చు.