దూరం ఒకటే, సమయం వేరెందుకు?

ఢిల్లీ నుంచి టోక్యోకు ఆకాశమార్గాన దూరం దాదాపు 5,850 కిలోమీటర్లు. వెళ్లడానికి ఏడున్నర, ఎనిమిది గంటలు చాలు. తిరిగి రావడానికి తొమ్మిది దాటుతుంది. కారణం జెట్ ప్రవాహం. నేలకు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు హోరున వీచే గాలి ఇది. చలికాలంలో జపాన్ మీద మరీ ఉద్ధృతం. గంటకు 900 కిలోమీటర్లు పోయే విమానానికి వెనుక నుంచి 100 కిలోమీటర్ల గాలి తోడైతే, నేల లెక్కన వేగం 1,000 అవుతుంది. ఎదురైతే 800కు పడిపోతుంది. ఏటివాలున సాగే పడవకూ, ఎదురీదే పడవకూ ఉన్న తేడాయే. చుట్టుదారులు, విమానం పైకెక్కే, కిందికి దిగే సమయం ఈ లెక్కకు అదనం. ఈ గాలిని 1920లలో బెలూన్లు ఎగరేసి గుర్తించినవాడు జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి. ఆ సంగతి ఆయన ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో రాశాడు. బయటి ప్రపంచం చాలాకాలం పట్టించుకోనేలేదు.