వెనక్కి తొక్కితే ఆగే సైకిల్

సైకిల్‌కి బ్రేకు ఎక్కడుంటుందని అడిగితే "హ్యాండిల్ దగ్గర" అంటాం కదూ! గోదావరిఖనిలో మా క్వార్టర్ వెనక రేకుల కింద ఏళ్ల తరబడి పడున్న సైకిల్‌కి మాత్రం హ్యాండిల్ మీద ఏమీ లేదు. బ్రేకంతా వెనక చక్రం హబ్బులోనే. పెడల్ వెనక్కి తొక్కితే బండి ఆగుతుంది. హబ్బు మీద 'టార్పెడో' అన్న పేరుంది. జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఎర్నెస్ట్ సాక్స్ 1903లో తెచ్చిన రకమిది.

మామయ్య దీన్ని హైదరాబాదులో పాతదే కొన్నారు. సింగరేణిలో ఏ షిఫ్టు పడ్డా దీని మీదే బాయికి పోయొచ్చారు. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. బ్రేకు లోపలుంటుంది కాబట్టి వానకీ, బొగ్గు దుమ్ముకీ జంకేది కాదట.

ఇప్పుడాయనకు ఆయాసం, చేతుల్లో వణుకు. హబ్బేమో బిగుసుకుపోయింది. షాపతను "తీసేసి మామూలు హబ్బు వేయిద్దాం" అన్నాడు. అత్తయ్య పాత ఇనుము వాడి కోసం చూస్తున్నారు. మామయ్య ఏమీ అనలేదు గానీ ఆ రోజు అన్నం సగంలోనే వదిలేశారు.

"మీరు చెప్పండి మామయ్యా, నేను విప్పుతా" అన్నాను.

"ఆడపిల్లకు ఈ గ్రీజు పనేందమ్మా?" అన్నారు అత్తయ్య.

మామయ్య మాత్రం "పాత చీర పరువు బిడ్డా. తీసింది తీసినట్టే వరసగ పెట్టు" అన్నారు.

డీజిల్‌లో కడిగాక గుట్టు తెలిసింది. ముందుకు తొక్కితే చిన్న రోలర్లు వాలు మీదికి ఎక్కి హబ్బు గోడను పట్టేసి చక్రాన్ని తిప్పుతాయి. వెనక్కి తొక్కితే ఒక కోను జరిగి, చీలికలున్న గొట్టంలోకి దూరుతుంది. ఆ గొట్టం విచ్చుకుని హబ్బును లోపలినుంచి ఒరుసుకుంటుంది. అదే బ్రేకు!

బిగించేటప్పుడు తీసిన వరసకు తిరగేసి రావాలి. బాల్స్ గూడును తలకిందులుగా పెట్టకూడదు. బ్రేకు గొట్టానికి వేడి తట్టుకునే గ్రీజే రాయాలి. కోన్లు మరీ బిగిస్తే చక్రం తిరగదు, వదులైతే ఊగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పక్కనుండే బ్రేకు చెయ్యిని ఫ్రేముకు క్లిప్పుతో గట్టిగా బిగించడం. అది ఊడితే బ్రేకు పనిచేయదు. చైను తెగినా అంతే. అందుకే ముందు చక్రానికి వేరే బ్రేకు కూడా వేయించాం.

మూడో సాయంత్రానికి చక్రం తిరిగింది. మామయ్య కళ్లు మూసుకుని ఆ చప్పుడు విని, "కోను ఇంకొంచెం వదులు" అన్నారు. వదులు చేశాక తలూపారు. ఆ రాత్రి కంచం ఖాళీ చేశారు.

ఆడవాళ్లు గనిలోకి దిగి పనిచేయకూడదని 1952 గనుల చట్టం నిషేధించింది. 2019లో షరతులతో వీలు కల్పించారు. బాయి తలుపే తెరుచుకుంది, ఇక పానా పట్టుకోవడానికి మనకు అడ్డేముంది చెప్పండి!

ఇప్పుడు మా అమ్మాయి ఆ సైకిల్ మీదే ట్యూషన్‌కి వెళ్తోంది. ఇలాంటి హబ్బులొస్తే మీ ఇంటికే పంపుతానంటున్నాడు షాపతను. పంపమన్నాను. పాత చీరలకేం కొదవ!