ముఖాలు ఎందుకు మసకబారతాయి? ఇంటి కంప్యూటర్లో ఫొటో పోస్టర్

కొనకనమిట్లలో పదో తరగతి పూర్వ విద్యార్థులు కలుసుకోబోతున్నారనుకుందాం. హైదరాబాద్ నుంచి ఒకరు, బెంగళూరు నుంచి ఒకరు వాట్సాప్‌లో పాత ఫొటోలు పంపుతారు. వాటన్నిటినీ ఒక పోస్టర్‌గా కూర్చే పని ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ల మీద పడుతుంది. తెర మీద అంతా బ్రహ్మాండంగానే ఉంటుంది. పొదిలిలోనో మార్కాపురంలోనో ప్రింటు తీయించాక చూస్తే ముఖాలు అలికినట్టుంటాయి. ప్రింటరును తప్పుపట్టే ముందు పిక్సెళ్లు లెక్కపెట్టాలి.

దగ్గర నుంచి చూసే పోస్టర్‌కు అంగుళానికి 300 పిక్సెళ్లు అడుగుతారు. ఈ సంఖ్యకు మూలం మన కన్నే. మామూలు చూపు డిగ్రీలో 60వ వంతు కోణం దాకా రెండు చుక్కలను విడివిడిగా గుర్తుపడుతుంది. అడుగు దూరంలో అది సుమారు 0.09 మిల్లీమీటరు, అంటే అంగుళానికి దాదాపు 290 చుక్కలు.

ఈ లెక్కన 12×18 అంగుళాల పోస్టర్‌కు 3600×5400, అంటే సుమారు 1.94 కోట్ల పిక్సెళ్లు కావాలి. వాట్సాప్ మామూలుగా ఫొటో పొడవును 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించేస్తుంది. దాన్ని ఐదంగుళాల పైచిలుకు సైజులోనే స్పష్టంగా అచ్చు వేయగలం. పాత గ్రూపు ఫొటోలో ఒక్కొక్కరి ముఖం 100 పిక్సెళ్ల వెడల్పుంటే, దక్కేది అంగుళంలో మూడో వంతు. దాన్ని మూడంగుళాలకు సాగదీస్తే, సాఫ్ట్‌వేర్ పక్క రంగులను చూసి మధ్య ఖాళీలు నింపుతుంది. కృత్రిమ మేధతో పదును పెట్టే సాధనాలు కళ్లూ కనుబొమలూ చక్కగా గీసిపెడతాయి గానీ అవి ఊహించి గీసినవి. మాస్టారి ముఖం మరొకరి ముఖంగా మారిపోవచ్చు. అంతకంటే చిన్నగా వేసిన అసలు ముఖమే మేలు. ఫొటోలను డాక్యుమెంట్‌గా పంపమంటే కుదింపు బెడద కూడా ఉండదు.

ఫ్లెక్సీ సంగతి వేరు. 6×4 అడుగుల ఫ్లెక్సీకి అంగుళానికి 72 పిక్సెళ్లు తీసుకున్నా 5184×3456, సుమారు 1.79 కోట్లే. చేతిలో పట్టే పోస్టర్ కంటే తక్కువ! మూడు మీటర్ల దూరం నుంచి చూసే కంటికి అంగుళానికి 29 చుక్కలున్నా తేడా తెలియదు మరి.

ఇక కూర్పు. 1994లో వచ్చిన ఫొటోషాప్ 3.0 లేయర్లను తెచ్చింది. పారదర్శకమైన కాగితాలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు, ఒక్కో ఫొటో ఒక్కో పొరలో ఉంటుంది. ఉచితంగా దొరికే గింప్‌లోనూ ఇదే పద్ధతి. వెనక గోడ వద్దనుకుంటే చెరిపేయకుండా లేయర్ మాస్క్‌తో దాచాలి. మాస్క్‌లో నలుపు పూసినచోట బొమ్మ మాయమవుతుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది. జుట్టు అంచుల దగ్గర ఈ వెసులుబాటు ఎంతో అవసరం.

రంగుల దగ్గరా జాగ్రత్తపడాలి. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను కలుపుతుంది. ప్రింటు సిరాలు కాగితం మీద పడిన వెలుగులో కొంత మింగేస్తాయి. తెర మీద మెరిసే చిలకపచ్చ కాగితం మీద చప్పబడేది అందుకే.

చివరికి పేర్లు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. సురవరం, మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లతో ఆ చిక్కు తక్కువే గానీ, పాత ఫొటోషాప్‌లలో ఒత్తులు విడిపోతాయి. అక్షరాలను ముందే బొమ్మగా మార్చి ఫైలు ఇస్తే, షాపులో ఏ ఫాంట్లున్నా కృష్ణమూర్తి కృష్ణమూర్తిగానే అచ్చవుతాడు.