వానపాములకు సంగీతము

శాస్త్రజ్ఞుడనగానే మనకు ముడివడిన బొమలును, నవ్వెఱుగని ముఖమును, దీపముకడ తెల్లవాఱిన రాత్రులును జ్ఞప్తికి వచ్చును. నక్షత్రములను లెక్కించువానికిని, లోహములను కరగించువానికిని ఆ గాంభీర్యము చెల్లునేమో కాని, జీవశాస్త్రజ్ఞునికి మాత్రము చెల్లదు. ఏలయన అతడు పరిశీలించు వస్తువు కదలును, కఱచును, కంపుకొట్టును, ఒక్కొక్కప్పుడు జేబులోనుండి పాఱిపోవును. అట్టివానితో కాపురముచేయు నిల్లాలి సంగతి యెట్లుండునో మీరెన్నడైన నాలోచించితిరా? నేనును మొన్నటి ఆరుద్రకార్తె వఱకు ఆలోచింపలేదు.

ఆ కార్తెలో వాన వెలిసిన యొక సాయంకాలము మా చిన్నమ్మాయి ఇంగువడబ్బాలోని యింగువను కాగితమున పొట్లముకట్టి యలమారలో దాచి, ఖాళీడబ్బాలో పట్టువంటి యెఱ్ఱని ఆరుద్రపురుగులను పదునెనిమిదింటిని పట్టి తెచ్చినది. మఱునాడు చారునకు పోపు పెట్టబోయి నేను మూత తీసితిని. తరువాతి సంగతి వ్రాయనక్కఱలేదు. "ఆడపిల్లకు పురుగులతో పనేమిటే? రేపు అత్తవారింట వీటితో ఏమి చేస్తుంది?" అని మా యత్తగారు నన్నే నిలవేసిరి. నేను డబ్బాను దిబ్బమీద విసరబోవుచుండగా, బడినుండి వచ్చిన మావారు నవ్వుచు దానిని నా చేతినుండి తీసికొని, మూతకు చిల్లులు పొడిచి, గుప్పెడు తడిమట్టివేసి యరుగుమీద నుంచిరి. "ఇంతకంటె నెక్కువ భరించిన యిల్లాలొకతె యుండెను. ముందామె కథ చదువు, ఆపైన నీ యిష్టము" అని డార్విను మహాశయుని జీవితమును తెలుపు పుస్తకములను నా కిచ్చిరి. రెండు రాత్రులు నిద్రమాని చదివితిని. తెలిసినదానిని సోదరీమణులకు విన్నవించుచున్నాను.

చార్లెసు డార్విను 1809లో ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణమున నొక వైద్యుని యింట జన్మించెను. వేట, కుక్కలు, ఎలుకలు పట్టుట, ఇవియే యతనికి ప్రీతి. వీడు తనకును వంశమునకును తలవంపులు తెచ్చునని తండ్రి యొకనాడు కోపగించెనట. కేంబ్రిడ్జిలో మతాచార్యుడగుటకై చదువు దినములలో అతనికి పెంకుపురుగుల పిచ్చి పట్టెను. ఒకనాడొక చెట్టు ఎండుబెరడును పెల్లగింపగా రెండు అపురూపమైన పురుగులు కానవచ్చెను. ఒక్కొక్క చేత నొక్కొక్కదానిని పట్టెను. అంతలో మూడవది, మఱియొక క్రొత్తజాతిది, కనబడెను. చేతులా రెండే! దేనిని విడుచుటకును మనసొప్పక, కుడిచేతి పురుగును నోటిలో వేసికొనెను. అది నాలుక భగ్గుమనునట్లు ఘాటైన రసమును చిమ్మెను. ఉమియక తప్పలేదు. నోటిదియు పోయెను, మూడవదియు పోయెను. రెంటికి చెడిన రేవడి యని మన పెద్ద లనుట యిందులకే. ఈ కథ చెప్పగా మా యమ్మాయి, "చూచితివా అమ్మా, నేను డబ్బాలోనే వేసినాను, నోట్లో వేసికోలేదు" అని తన బుద్ధిమంతనమునకు దీనినే సాక్ష్యముగా పెట్టినది.

1831లో 'బీగిల్' అను నోడలో లోకము చుట్టివచ్చు నవకాశము లభించెను. ఆ యోడ నాయకుడు ముఖలక్షణములను నమ్మువాడు. డార్విను ముక్కు తీరుచూచి, ఇట్టి ముక్కుగలవానికి అంత ప్రయాణమునకు చాలిన పట్టుదల యుండునాయని సందేహించెనట. పెండ్లిచూపులలో మన పిల్లల ముక్కులకు వంక పెట్టువారిని చూచితిమి కాని, ముక్కువలన నొక మహాశాస్త్రమే తప్పిపోబోయినదని యిప్పుడే వింటిని.

అయిదేండ్ల యా యాత్రలో, దక్షిణ అమెరికాలోని పటగోనియా సీమయందు, నిప్పుకోడిని బోలిన రియా పక్షులలో చిన్నజాతి యొకటి కలదని అక్కడి గుఱ్ఱపురౌతులవలన విని, డార్విను దానికై వెదకుచుండెను. ఒకనాడు తోటివాడు పక్షి నొకదానిని కొట్టి తెచ్చెను. పెద్దజాతి పిల్లయే కాబోలునని యందఱును వండుకొని తినిరి. తినిన తరువాత జ్ఞానోదయమయ్యెను! అదృష్టవశమున తల, మెడ, కాళ్లు, ఱెక్కలు, తోలులో చాలభాగము మిగిలియుండెను. వానిని కూర్చి లండనునకు పంపగా, 1837లో పండితులు ఆ జాతికి డార్విను పేరే పెట్టిరి. భోజనానంతరము బిరుదు పొందినవారిని విన్నాము. తినివేసిన దానికే తన పేరు పెట్టించుకొనినవా డితడే కాబోలు.

1838లో అతడు పెండ్లియాడుటయా మానుటయా యని కాగితముమీద లాభనష్టములు రెండు వరుసలుగా వ్రాసికొనెను. పెండ్లియాడినచో కాలము వ్యర్థమగును, పుస్తకములకు డబ్బు తగ్గును, చుట్టములను చూడబోవలెను. ఆడినచో ముసలితనమున తోడుండును; ఏమైనను కుక్కకంటె నయము! మనలో నెవరైన నిట్టి మాట వినిన నాటి సాయంకాలపు బండికే పుట్టింటికి పోవుదురు. తుదకు పెండ్లియే మేలని ముమ్మాఱు వ్రాసికొని, 1839 జనవరి 29వ తేదీన ఎమ్మా వెడ్జ్‌వుడ్డును వివాహమాడెను. ఈమె యెవరనుకొంటిరి? అతని తల్లికి తమ్ముని కూతురు. మేనరికము మన సొత్తే యనుకొనుచుంటిమి!

ఎమ్మాగారి వంటల పుస్తకము నేటికిని భద్రముగా నున్నది. అందులో అన్నము వండు విధానమును డార్విను స్వహస్తముతో వ్రాసెను. ఉప్పువేసిన నీరు మరిగిన పిమ్మట బియ్యము పోసి, గడియారము చూచి 12 నిమిషము లుడికించి, నీరు వార్చి, గిన్నెను నిప్పులమీద 10 నిమిషము లుంచవలెనట. మనము మెతుకు పట్టి చూతుము, ఆయన గడియారము పట్టి చూచెను. తక్కినదంతయు మన యమ్మమ్మల పద్ధతియే.

1842లో వారు లండనునకు కొంతదూరమున కెంటు మండలములోని డౌను గ్రామమునకు కాపురము మార్చిరి. ఆ యింట పదుగురు పిల్లలు. పిల్లలతో సమానముగా పావురములు, పురుగులు, మొక్కలు. రాళ్లను, ఓడల యడుగులను కఱచుకొని యుండు బార్నకిలు లను చిన్నప్రాణులను డార్విను 1846 మొదలు ఎనిమిదేండ్లు కోసికోసి చూచెను. తండ్రియనగా బార్నకిలులను కోయువాడని పిల్లలు తలచిరి కాబోలు, పొరుగింటివారి తండ్రిని గూర్చి "ఆయన తన బార్నకిలులను ఎక్కడ చేసికొనును?" అని వారిలో నొకరడిగిరని చెప్పుదురు. తోటలో నిలిచి ఒక పూవునే చూచుచుండు యజమానుని కని, తోటమాలి, పాపము ఆయనకు చేయుటకేదైన పనియున్న ఆరోగ్యము బాగుపడునని జాలిపడెననియు నొక కథ కలదు.

విత్తనములు సముద్రము దాటి దూరదేశములకు పోయి మొలచునాయని తెలిసికొనుటకు 1855లో సీసాలలో ఉప్పునీరుపోసి విత్తనములు నానవేసిరి. కొన్నింటి కంపు ఇల్లంతయు నిండెను. మొలవవని తలచిన మిత్రుడు హుకరును నాన్న ఓడించునా లేదా యని పిల్లలకు పందెమంత యాత్రము. 87 రకములలో 64 రకములు 28 దినములు నానిన తరువాతను మొలచెను! ఇల్లంతయు జయజయధ్వానములు. కాని విత్తనములు తేలవలెను గదా? చూడగా చాలవఱకు మునిగిపోవుచున్నవి. కృతఘ్నులైన విత్తనములకు వృథాగా ఉప్పు పట్టించితినని డార్విను వాపోయెను. ఊరగాయ పెట్టి, తుదకు జాడీకి బీటయున్నదని తెలిసికొనిన మనకు ఆ దుఃఖము తెలియును. అయినను ఆయన వదలక, ఎండబెట్టిన కొమ్మలు, కాయలు తేలునని కనుగొని, లెక్కను చక్కబెట్టెను.

ఇన్నింటి నడుమ ఎమ్మాగారు నోరుమూసికొని యుండెననుకొనకుడు. ఈగలను జిగురుతో పట్టి తిను డ్రోసెరా యను మొక్కకు భర్త మాంసము తినిపించుచుండగా, దానిని జంతువని ఋజువుచేసి కాని విడువడు కాబోలునని స్నేహితురాలికి వ్రాసెను. ఒక శాస్త్రసభలో, నీకు విసుగు పుట్టుచున్నదేమో యని భర్త చెవిలో ననగా, తక్కినవానికంటె నెక్కువ కాదని మెల్లగా బదులుచెప్పెనట. ప్రతిరాత్రి వారిద్దఱును బాక్‌గామన్ అను పాచికలాట యాడెడివారు. 1876 నాటికి తాను 2,795 ఆటలు గెలిచితిననియు, పాపము భార్య 2,490 మాత్రమే గెలిచినదనియు డార్విను మిత్రునికి జయఘోషతో వ్రాసెను. పందెపు లెక్కకూడ శాస్త్రమే!

ఇక వానపాముల కథ. ఇది మామగారితో మొదలై భార్యతో ముగిసినది. 1837లో మేనమామ తన పొలమును చూపి, పైన చల్లిన సున్నమును బొగ్గునుసియు కొన్నేండ్లకు లోపలికి దిగిపోయినవనియు, ఇది వానపాముల పనియేమో యనియు ననెను. ఆ మాటను అల్లుడు మఱవలేదు. 1842లో ఇంటి దగ్గఱి పొలమున సుద్దముక్కలు పఱపించి, 29 ఏండ్లు వేచి, 1871లో త్రవ్వించి చూడగా 7 అంగుళముల లోతున తెల్లని చారగా నుండెను. 1877లో స్టోన్‌హెంజి యను ప్రాచీన శిలల నెంత పూడ్చెనో చూచుటకు వృద్ధుడై, రోగియై యుండియు పోయెను. అక్కడి వానపాములు సోమరులుగా నున్నవని ఎమ్మాగారు జాబు వ్రాసెను.

తుదకు కుండలలో వానపాములు చదువుగదిలోనికే వచ్చెను. వానికి చెవులున్నవా యని పరీక్ష. లోహపు ఈలను కీచుమనిపించిరి. కొడుకు ఫ్రాన్సిసు బాసూను అను పెద్ద గొట్టపు వాద్యమును బుఱ్ఱుమనిపించెను. కేకలు వేసిరి. పియానోను శక్తికొలది మ్రోగించిరి. వానపాములు తల తిప్పలేదు. కాని కుండలను పియానోమీదనే పెట్టి ఒక్క మీట నొక్కగానే చటుక్కున బొఱియలలో దూరెను! చెవులు లేవు, కాని యదురు తెలియునని తేలినది. పొగాకు నమలి వానిమీద నూదిరి, అత్తరు దూది చూపిరి, ఉల్లియు కారట్టు ఆకును వడ్డించి రుచు లడిగిరి. ఆ దృశ్యమును వీధిగుమ్మమునుండి మా యత్తగారు చూచియుండిన భూతవైద్యునికి కబురు పంపెడివారు.

ఫలమేమి? 1881లో వచ్చిన గ్రంథము వేలకొలది ప్రతులు అమ్ముడుపోయెను. ఇంగ్లండులో పెక్కుచోట్ల ఏటేట ఎకరమునకు 10 టన్నులకు పైగా మన్ను వానపాముల కడుపుగుండ పైకి వచ్చుచున్నదని అందు లెక్కచూపెను. నాగలి పుట్టకముందే దున్నుట నేర్చినవి వానపాములు. అంతవఱకు అవి వేళ్లను పాడుచేయునని తోటవారిలో చాలమంది తలచుచుండిరి.

ఈ నవ్వంతయు కష్టమెఱుగని యింటిది కాదు. పదుగురిలో ముగ్గురు చిన్నతనముననే పోయిరి. 1851లో పదేండ్ల యానీ మరణించినపుడు ఎమ్మా నిండుచూలాలై దూరమున నుండెను. తండ్రి పాన్పుకడ నుండెను. ఆమెకు పరలోకమున బిడ్డను కలిసికొందునను విశ్వాసము. ఆయన విశ్వాసము క్రమముగా సడలిపోయినది. పెండ్లియైన క్రొత్తలోనే ఈ భేదము తలచి, మరణానంతరము మన మొక్కచోట నుండమేమో యని ఆమె భయపడుచు భర్తకొక లేఖ వ్రాసెను. ఆయన దానిని జీవితాంతము దాచుకొని, పలుమాఱులు ముద్దాడి యేడ్చితినని దాని క్రింద వ్రాసియుంచెను. అంతటి భేదముండియు నలుబదిమూడేండ్లు రాత్రి పాచికలు వేసికొనుచు, పగలు పురుగులకు పియానో వాయించుచు కలిసి బ్రతికిరి. భర్త చెప్పినదంతయు నమ్మలేదు; ఆయన కుండలను మాత్రము పాఱవేయలేదు. నేను డబ్బాను విసరబోయిన చేయి ఈ భాగము చదువునపుడు నాకు బరువనిపించినది.

మూడవనాటి యుదయమున డబ్బాను తెఱచి, మా యమ్మాయితో, "ఊరక పట్టుట గొప్పగాదు, కాళ్లెన్నియో లెక్కపెట్టు" అంటిని. అది నేలమీద బోరగిలపడి చాలసేపు చూచి, "ఎనిమిది!" అని యఱచినది. మావారు నవ్వి, అట్లయిన నిది ఆఱుకాళ్ల పురుగుల కులము కాదు, సాలెపురుగునకు చుట్టమని చెప్పిరి. "ఎనిమిదేమిటి, దాని మొహం!" అని మా యత్తగారు కళ్లజోడు పెట్టుకొని వచ్చి, రెండుమాఱులు లెక్కించి, మాటాడక లోపలికి పోయిరి. కొంతసేపటికి వచ్చి, "ఆ డబ్బా ఇక మడికి పనికిరాదు, దానికే ఇచ్చేయి" అనిరి.

పురుగులను మఱల తడిమట్టిలో విడిచిపెట్టితిమి. డబ్బా మా యమ్మాయిదే. సోదరీమణులారా! మీ యింటను అగ్గిపెట్టెలోనో, కొడుకు జేబులోనో, కూతురి కొంగుముడిలోనో ఏదైన కదలినచో కేకవేయుడు, తప్పులేదు, నేనును వేసితిని. కాని విసరుటకు ముందొకమాఱు కాళ్లు లెక్కపెట్టించుడు.